ఎటు కూడినా 3: యాభై అయిదేనా, యాభై ఆరా?

ప్రశ్న: 3 అడ్డు వరుసలు, 3 నిలువు వరుసలు ఉన్న మాత్రికలో 0, 1, 2, 3 అంకెలతో గడులు నింపాలి. ఏ అడ్డు వరుస కూడినా, ఏ నిలువు వరుస కూడినా 3 రావాలి. ఎన్ని విధాలుగా నింపవచ్చు?

జవాబు 55. కర్ణాల జోలికి పోవడం లేదు కాబట్టి దీన్ని మాయాచదరం అనుకోకండి.

మొదట మొత్తం 1 రావాలనుకుందాం. ప్రతి వరుసలో ఒకే ఒక్క 1, మిగతావి సున్నాలు. పై వరుసలో ఆ 1కి మూడు చోట్లు, తర్వాతి వరుసలో రెండు, చివరి వరుసలో ఒకటే. అంటే 6 మాత్రికలు. ఇవే మన ఇటుకలు.

మొత్తం 3 వచ్చే ఏ మాత్రికనైనా మూడు ఇటుకలు కూడి కట్టవచ్చు. ఎలాగంటారా? ఏ రెండూ ఒకే వరుసలో పడకుండా, సున్నా కాని మూడు గడులు ఎప్పుడూ దొరుకుతాయి. దొరక్కపోవడానికి ఏం జరగాలి? ఉదాహరణకు, రెండు అడ్డు వరుసల్లోని అంకెలన్నీ ఒకే నిలువు వరుసలో ఇరుక్కోవాలి. అప్పుడు ఆ నిలువు మొత్తం 6 అవుతుంది. అది కుదరదు కదా. ఆ మూడు గడుల్లోంచి ఒక్కొక్కటి తీసేస్తే ఒక ఇటుక ఊడివస్తుంది, మిగిలిన మాత్రికలో మొత్తం 2 అవుతుంది. ఇలాగే చివరిదాకా. ఎంత పెద్ద మాత్రికకైనా ఇది నిజమని చెప్పే సిద్ధాంతాన్ని హంగేరీ గణితవేత్త డేనెష్ కోనిగ్ 1916లో నిరూపించారు.

ఇక 6 రకాల ఇటుకల్లోంచి, అదే రకాన్ని మళ్లీ తీసుకోవచ్చనుకుంటే, మూడింటిని ఎంచే విధాలు 56. మరి ఒకటి ఎక్కడ తగ్గింది? అసలు అందమంతా ఇక్కడే ఉంది. ఆరు ఇటుకలూ మూడేసి చొప్పున రెండు జట్లు: ఒక జట్టులో 1లు కుడివైపు వాలుగా దిగుతాయి, రెండో జట్టులో ఎడమవైపు (అంచు దాటితే అవతలి అంచు నుంచి మళ్లీ మొదలు). ఏ జట్టును కూడినా తొమ్మిది గడుల్లోనూ 1లే. ఒకే మాత్రిక రెండుసార్లు లెక్కలో పడింది!

3×3లో ఉన్న మెలిక ఇదొక్కటే. అందుకే మొత్తం 4 అయినప్పుడు కూడా సులువే: 126 ఎంపికల్లోంచి, ఒక జట్టు పూర్తిగా ఉన్నవి 6 తీసేస్తే 120.

4×4కి వెళ్తే ఇటుకలు 24, మెలికలు బోలెడు. మొత్తం 3కే 2008 మాత్రికలు. అయినా మొత్తం మారే కొద్దీ ఈ సంఖ్య ఒక బహుపది ప్రకారమే నడుస్తుందని, n×n మాత్రికకు దాని పరిమాణం (n−1)² అని 1966లో హర్ష్ ఆనంద్, వి.సి. దుమిర్, హంసరాజ్ గుప్తా ఊహించారు. (n−1)² ఎందుకంటే, చివరి అడ్డు, చివరి నిలువు వరుసలు వదిలి మిగతా గడులు నింపితే చాలు, ఆ రెండూ వాటంతటవే తేలిపోతాయి. ఆ ఊహను 1973లో రిచర్డ్ స్టాన్లీ నిరూపించారు.

3×3లో మొత్తం 2 అయితే 21 రావాలి. కాగితం మీద వేసి సరిచూసుకోండి.