స్నెగూరొచ్కా: జానపద కథ నుంచి పండుగ వేదికకు

రష్యాలో శీతకాలపు పండుగ వేళ కానుకలు పంచే తాత ‘డేద్ మరోజ్’ వెంట ఒక యువతి కనిపిస్తుంది. ఆమె స్నెగూరొచ్కా, అంటే మంచుబాలిక. మూల జానపద కథలో ఆమెకు క్రిస్మస్‌తో సంబంధం లేదు. సంతానం లేని వృద్ధ దంపతులు మంచుతో చేసుకున్న బొమ్మకు ప్రాణం వస్తుంది; వేసవిలో చెలికత్తెలతో కలిసి మంట మీదుగా దూకి ఆమె ఆవిరైపోతుంది. అస్త్రోవ్‌స్కీ 1873లో రాసిన నాటకం, దాని ఆధారంగా 1882లో ప్రదర్శితమైన రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఒపెరా ఆమెకు విశేష ఖ్యాతి తెచ్చాయి.

సోవియట్ ప్రభుత్వం 1920ల చివర్లో క్రిస్మస్ చెట్టుపై ఆంక్షలు విధించింది. 1935 చివర్లో అదే చెట్టును నూతన సంవత్సర చిహ్నంగా అనుమతించింది. ఆపై బాలల వేడుకల్లో స్నెగూరొచ్కా తాతకు మనవరాలిగా స్థిరపడింది. సోవియట్ పాలన ముగిసినా ఆ బంధుత్వం నేటికీ కొనసాగుతోంది.