ఒక్క ఫ్లోర్ గీసి నాలుగు ఫ్లోర్లు కాపీ కొట్టే ముందు

వీడియో చూడటానికి డేటా లేనివాళ్ల కోసం, బస్సులో కూర్చుని చదువుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను ఉండేది తడలో. 2022 ఏప్రిల్ దాకా మాది నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క హైవే, హైవే దాటి లోపలికి పోతే శ్రీసిటీ. ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు అద్దె రూములు కావాలి. అందుకని కాస్త జాగా ఉన్నవాళ్లు జీ ప్లస్ త్రీ, జీ ప్లస్ ఫోర్ అని పైకి కట్టుకుంటున్నారు. అలాంటి బిల్డింగులకు ప్లాన్లు గీయడమే నా పని. ఈ రోజు టాపిక్ కూడా అదే. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫ్లోర్ గీసి, దాన్ని పైకి పైకి కాపీ చేసి బిల్డింగ్ మొత్తం తయారు చేయడం ఎలా? అందులో ఎక్కడ దెబ్బ తింటాం?

ముందు నేను తిన్న దెబ్బ చెప్తా.

నేను కొత్తగా సొంతంగా పని మొదలుపెట్టిన రోజులు. మాకు తెలిసిన ఒకన్న వర్కర్ల కోసం రూములు కడుతున్నాడు. కింద పార్కింగ్, పైన నాలుగు ఫ్లోర్లు. ఫ్లోర్‌కి ఎనిమిది రూములు, ప్రతి రూముకి ఒక బాత్రూమ్. నేను రెవిట్‌లో ఫస్ట్ ఫ్లోర్ శుభ్రంగా గీశాను. కాపీ చేసి రెండు, మూడు, నాలుగు ఫ్లోర్లకు పేస్ట్ చేశాను. మూడో ఫ్లోర్ ప్లాన్ తెరిస్తే గోడలు కనపడలేదు. అయ్యో రాలేదనుకుని అక్కడ మళ్లీ పేస్ట్ కొట్టాను. నిజానికి గోడలు ముందే వచ్చి ఉన్నాయి, ఆ ప్లాన్‌లో నేనే వాటిని హైడ్ చేసి మర్చిపోయాను. పేస్ట్ కొట్టగానే కింద మూలన ఒక పసుపు పచ్చ వార్నింగ్ వచ్చింది. చదవకుండా క్లోజ్ చేశాను.

తలుపుల షెడ్యూల్ తీసి అన్నకు వాట్సాప్‌లో పంపాను. అందులో 80 తలుపులు ఉన్నాయి. అన్న 80కే ఆర్డర్ ఇచ్చాడు. సరుకు సైట్‌లో దిగిన రోజు మేస్త్రి వేళ్ల మీద లెక్కేసి నన్ను పిలిచాడు. "ఏంది అబ్బయ్యా, రూములు ముప్పై రెండే కదా, తలుపులు ఎనభై ఎందుకు?"

ఎనిమిది రూములు, ఎనిమిది బాత్రూములు. అంటే ఫ్లోర్‌కి 16 తలుపులు. నాలుగు ఫ్లోర్లకు 64. నా షెడ్యూల్‌లో మూడో ఫ్లోర్ రెండు సార్లు లెక్కకు వచ్చింది. పదహారు తలుపులు ఎక్కువ. రూమ్ తలుపు ఫ్రేమ్‌తో కలిపి ఎనిమిది వేలు, బాత్రూమ్‌ది నాలుగు వేలు. మొత్తం 96 వేలు. ఆ డబ్బు వాళ్లు ఇంట్లో బంగారం కుదువ పెట్టి తెచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాపీ అంటే మనకు ఒకటే అనిపిస్తుంది గానీ సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాలు ఉంటాయి.

ఫోన్ భాషలో చెప్తా. మీరు ఫ్రెండ్‌కి ఒక పీడీఎఫ్ ఫార్వర్డ్ చేశారు. తర్వాత మీ దగ్గర ఉన్న దాంట్లో తప్పు దిద్దారు. ఫ్రెండ్ దగ్గర ఉన్నది మారుతుందా? మారదు. అదే గూగుల్ షీట్ లింక్ పంపారనుకోండి. మీరు ఒక చోట దిద్దితే అందరికీ మారిపోతుంది. మామూలు కాపీ మొదటి రకం. రెవిట్‌లో గ్రూప్, స్కెచప్‌లో కాంపోనెంట్, ఆటోక్యాడ్‌లో బ్లాక్ అనేవి రెండో రకం. బిల్డింగ్ ఫ్లోర్లకు మనకు కావాల్సింది రెండోదే. ఎందుకంటే ఓనర్ ఎప్పుడూ చివర్లో వచ్చి "బాత్రూమ్ కిటికీ కొంచెం జరపండి" అంటాడు. మామూలు కాపీ అయితే నాలుగు ఫ్లోర్లలో ముప్పై రెండు సార్లు జరపాలి. ఒకటి మర్చిపోయినా ప్లంబర్ పైపు ఒక చోట, మన డ్రాయింగ్ ఇంకో చోట.

స్కెచప్‌లో పద్ధతి చాలా ఈజీ. ఇది కంప్యూటర్ బ్రౌజర్‌లో ఫ్రీగా దొరుకుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి. ఒక ఫ్లోర్ మొత్తం సెలెక్ట్ చేసి కాంపోనెంట్‌గా చేయండి. మూవ్ టూల్ తీసుకుని కంట్రోల్ కీ ఒకసారి నొక్కండి, అప్పుడు జరపడం కాకుండా కాపీ అవుతుంది. ఫ్లోర్ ఎత్తు ఎంతో అంత, మూడు మీటర్లు అనుకోండి, పైకి జరిపి ఎంటర్ కొట్టండి. వెంటనే ఎక్స్ అక్షరం, మూడు అంకె టైప్ చేసి మళ్లీ ఎంటర్. మొత్తం మూడు కాపీలు వస్తాయి, ఒరిజినల్‌తో కలిపి నాలుగు ఫ్లోర్లు. ఏదో ఒక ఫ్లోర్ మాత్రం వేరేగా కావాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి మేక్ యూనిక్ కొట్టండి. ఇక మిగతా ఫ్లోర్లతో దానికి సంబంధం ఉండదు.

రెవిట్ మాత్రం ఫోన్‌లో రాదు, విండోస్ కంప్యూటర్ ఉండాలి. స్టూడెంట్స్‌కి ఆటోడెస్క్ వాళ్లు ఎడ్యుకేషన్ లైసెన్స్ ఫ్రీగా ఇస్తారు. ఇందులో ముందు లెవల్స్ పెట్టుకోవాలి. లెవల్ అంటే ప్రతి ఫ్లోర్ ఎంత ఎత్తులో ఉందో చెప్పే గీత. చాలామంది ఇక్కడే తికమక పడతారు. లెవల్ టూల్‌తో గీస్తే దానికి ఫ్లోర్ ప్లాన్ తనంతట తనే వస్తుంది, లెవల్ గుర్తు నీలం రంగులో ఉంటుంది. ఉన్న లెవల్‌ని కాపీ చేస్తే గుర్తు నల్లగా ఉంటుంది, ప్లాన్ రాదు. కంగారు పడొద్దు. వ్యూ ట్యాబ్‌లో ప్లాన్ వ్యూస్‌కి వెళ్లి ఆ లెవల్స్‌కి ప్లాన్లు తెచ్చుకోవచ్చు.

తర్వాత ఫస్ట్ ఫ్లోర్‌లో గోడలు, తలుపులు, కిటికీలు సెలెక్ట్ చేసి గ్రూప్ చేయండి. కాపీ టు క్లిప్‌బోర్డ్ కొట్టి, పేస్ట్ కింద ఉన్న అలైన్డ్ టు సెలెక్టెడ్ లెవల్స్ నొక్కి పై లెవల్స్ ఎంచుకోండి. ఒకే ఒక్కసారి. కనపడలేదని రెండోసారి పేస్ట్ చేయకండి. ముందు త్రీడీలో చూడండి, హైడ్ అయ్యాయేమో చూడండి. రెండు గోడలు ఒకే చోట ఒకదాని మీద ఒకటి కూర్చుంటే త్రీడీలో ఎంత తిప్పి చూసినా ఒకటే గోడలా కనపడుతుంది. తేడా తెలిసేది లెక్కలోనే. నేను చదవకుండా మూసేసిన వార్నింగ్‌లో ఉన్నది కూడా అదే: ఒకే చోట ఒకేలాంటివి రెండు ఉన్నాయి, షెడ్యూల్‌లో రెండు సార్లు లెక్కకు వస్తాయి అని. సాఫ్ట్‌వేర్ నాకు చెప్పింది. నేనే వినలేదు.

గోడల ఎత్తు ఇంకో సంగతి. గోడ పై అంచుని పై లెవల్‌కి కట్టేయాలి. అలా కాకుండా మూడు మీటర్లు అని నంబర్ ఇచ్చి వదిలేస్తే, రేపు ఫ్లోర్ ఎత్తు పెంచినప్పుడు గోడ కిందే ఉండిపోతుంది, స్లాబ్ పైకి పోతుంది. మధ్యలో సందు.

మెట్ల దగ్గర అయితే ఇంకా జాగ్రత్త. పై ఫ్లోర్ ఎత్తు 3,000 మిల్లీమీటర్లు, 18 మెట్లు అనుకోండి. ఒక్కో మెట్టు ఎత్తు సుమారు 167. కింద పార్కింగ్ ఎత్తు 3,300 పెట్టాం. అవే మెట్లు కాపీ చేసి కింద పెడితే పైన 300 మిల్లీమీటర్లు తక్కువ పడతాయి. చివర్లో అడుగు ఎత్తు ఎగిరి ఎక్కాలి! అక్కడ 20 మెట్లు వేస్తే ఒక్కోటి 165 వస్తుంది, సరిపోతుంది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు. రెవిట్ 2018 నుంచి మల్టీస్టోరీ స్టెయిర్స్ అని ఉంది. లెవల్స్ ఎంచుకుంటే ఎత్తుని బట్టి మెట్లు అదే సర్దుకుంటుంది. మెట్లకు అది వాడండి, కాపీ వాడకండి.

అసలు ఏ ఫ్లోర్ కాపీ చేయొచ్చు? మధ్యలోవి చేయొచ్చు. కింద ఫ్లోర్, పై టెర్రస్ విడిగానే గీయాలి. టెర్రస్ మీద మెట్ల గది, వాటర్ ట్యాంక్ వస్తాయి. కింద పార్కింగ్‌లో గోడలు ఉండవు, పిల్లర్లే. ఆ పిల్లర్ల మీద పై ఫ్లోర్ల బరువంతా పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లో ఇలా కింద పార్కింగ్‌కి ఖాళీగా వదిలిన బిల్డింగులు చాలా కూలిపోయాయి. కాబట్టి పై ఫ్లోర్ పిల్లర్ సైజు కిందకి కాపీ చేసి "అయిపోయింది" అనుకోవద్దు. ఆ సైజులు, అందులో కమ్మీ స్ట్రక్చరల్ ఇంజినీర్ చెప్పాలి.

కాపీ అనేది కంప్యూటర్‌లో మాత్రమే జరిగే పని కాదు. మన రాష్ట్రంలో టిడ్కో ఇళ్లు చూసే ఉంటారు, నెల్లూరులో కూడా ఉన్నాయి. జీ ప్లస్ త్రీ బ్లాకులు, 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు రకాల ఇళ్లు. వీటిని షేర్ వాల్ పద్ధతిలో కట్టారు. అంటే అచ్చులు బిగించి గోడ, స్లాబ్ కాంక్రీట్‌తోనే పోస్తారు. ఒక ఫ్లోర్ అయ్యాక అవే అచ్చులు విప్పి పై ఫ్లోర్‌కి బిగిస్తారు. సైట్‌లో కాపీ పేస్ట్ అంటే ఇదే. అక్కడ బరువు మోసేది గోడే. ఇటుక గోడ అయితే మేస్త్రి పగలగొట్టి కిటికీ జరుపుతాడు. ఇక్కడ అలా కుదరదు. డ్రాయింగ్‌లో కిటికీ ఒక చోట తప్పు పడితే అదే తప్పు అన్ని ఫ్లోర్లలో, అన్ని బ్లాకుల్లో కాంక్రీట్ అయిపోతుంది. అందుకే కాపీ చేసే మొదటి ఫ్లోర్ మీద పెట్టే టైమ్ వేస్ట్ కాదు.

నా తలుపుల సంగతి ఏమైందని అడుగుతారు కదా. షాపువాళ్లు కొన్ని వెనక్కి తీసుకున్నారు, కొంత తగ్గించుకుని. మిగతా నష్టానికి నా ఫీజు రెండో విడత నేను తీసుకోలేదు. అన్న తిట్టలేదు. "నువ్వు పంపింది కదా అని నేను లెక్కేయలేదురా" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. షెడ్యూల్ తీసే ముందే పేపర్ మీద నా లెక్క రాసుకుంటాను. ఫ్లోర్‌కి 16, నాలుగు ఫ్లోర్లు, 64. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ ఎంత చెప్తుందో చూస్తాను. రెండూ కలవకపోతే ఫైల్ ఎవరికీ పంపను. మేనేజ్ ట్యాబ్‌లో వార్నింగ్స్ అని ఉంటుంది, అది కూడా తెరిచి ఒక్కొక్కటే చదువుతాను. పది నిమిషాల పని.

మీకు ఒక చిన్న పని ఇస్తున్నా. మీరు ఉండే బిల్డింగ్‌లో కింద నుంచి ఫస్ట్ ఫ్లోర్‌కి మెట్లు ఎన్ని, అక్కడి నుంచి సెకండ్ ఫ్లోర్‌కి ఎన్ని, లెక్కపెట్టి కామెంట్‌లో రాయండి. రెండు నంబర్లూ వేరుగా ఉంటే ఎందుకో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటితోనే రెవిట్‌లో మెట్లు వేద్దాం. ఉంటాను, నమస్తే.