ఐదు పైసల ఐస్‌ఫ్రూట్... ఆనాటి వేసవే వేరు

మల్కాజ్‌గిరి: పరీక్షలు ముగియడమే ఆలస్యం, పుస్తకాలు అటకెక్కేవి. జూన్‌లో బడి తెరిచేదాకా పిల్లలది ఇష్టారాజ్యమే. 1970ల నాటి ఆ సెలవులను షష్టిపూర్తి దగ్గరపడినవారు, దాటినవారు నేటికీ కథలుగా చెప్పుకుంటారు.

అప్పటి మల్కాజ్‌గిరి పట్నం పక్కనున్న ఊరే. ఇక్కడ ఆగేవి మీటరుగేజి రైళ్లు. బొగ్గు ఇంజను కూత పెడితే పిల్లలు పట్టాల వైపు పరుగు తీసేవారు. పొద్దున చిర్రగోనె, గోలీలు. ఎండ ముదిరితే వేపచెట్టు కింద అష్టాచెమ్మా. ఐస్‌ఫ్రూట్ బండి గంట మోగిందా, ఐదు పైసల బిళ్ల కోసం అమ్మ కొంగు ముడి విప్పాల్సిందే! ముంజలు తిన్నాక తాటికాయలకు పుల్ల గుచ్చితే బండి తయారు. రాత్రి ఆరుబయట నులక మంచాలు, రంజన్‌లో చల్లని నీళ్లు, నిద్రపట్టేదాకా చుక్కల లెక్క. టీవీ ఊసే లేదు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చిందే 1977లో.

1990ల్లో రైలుమార్గం బ్రాడ్‌గేజిగా మారింది. 2007లో మల్కాజ్‌గిరి మహానగరంలో కలిసింది. 2016లో ఏకంగా జిల్లా పేరులోనే చేరింది. పేరు పెరిగింది, ఆడుకునే జాగా తరిగింది. సఫిల్‌గూడ చెరువు, కట్టమైసమ్మ గుడి ఉన్నాయి గానీ చుట్టూ కాలనీలే.

ఆ సెలవులకు పెద్ద ఖర్చేమీ లేదు. చెరువు, చెట్టు, కాస్త ఖాళీ జాగా చాలు. ఇవి ఇంకా మిగిలివున్న ఊళ్లలో పెద్దలు వాటిని కాపాడితే, నేటి పిల్లలకూ రేపు చెప్పుకోవడానికి కథలుంటాయి.