జిరాక్సు మిషనుకి అక్షరాలు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

కామవరపుకోటలో ఆధార్ కార్డు జిరాక్సు తీయించడానికి వెళ్లారనుకోండి. మూత కింద ఒక లైటు వెలుగుతూ అటూ ఇటూ జరుగుతుంది, వేడివేడిగా కాగితం బయటికొస్తుంది. లోపలున్నది ఇంకు కాదు, నల్లటి పొడి. మరి ఆ పొడి అక్షరాలున్న చోటే ఎందుకు అంటుకుంది?

కిటుకంతా లోపలి డ్రమ్ము పైపూతలో ఉంది. చీకట్లో అది కరెంటును పోనివ్వదు. వెలుతురు పడితే పోనిస్తుంది! ఎందుకంటారా? కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లనే అతి చిన్న రేణువులు. కరెంటు పారని పదార్థంలో అవి కొల్లేరు చెరువుల్లోని చేపల్లా గట్టు దాటలేవు. కాంతి తగిలితే ఆ శక్తితో కొన్ని గట్టు దూకేస్తాయి.

మిషను ముందుగా చీకట్లో డ్రమ్ము నిండా విద్యుదావేశం పరుస్తుంది. తర్వాత మీ కార్డు మీద పడిన వెలుగు డ్రమ్ము మీదికి మళ్లుతుంది. తెల్లని భాగం నుంచి వెలుగొచ్చిన చోట ఆవేశం జారిపోతుంది. నల్లని అక్షరాలు వెలుగును మింగేస్తాయి కదా, అక్కడ మాత్రం మిగులుతుంది. పొడి పట్టుకునేది దాన్నే. ఆ పొడిని కాగితం మీదికి లాగి, కరిగించి అతికిస్తుంది. కాగితం వేడి అందుకే! కొత్త డిజిటల్ మిషన్లలో డ్రమ్ము మీద వెలుగు వేసేది లేజరు.

1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ ఈ పద్ధతిలో తొలి కాపీ తీసింది గంధకం పూసిన జింకు రేకుతో. గుడ్డతో రుద్ది ఆవేశం పుట్టించి, రాత ఉన్న గాజుపలక పెట్టి, లైటు వేసి, పొడి చల్లాడు.

మామూలు వెలుతురు కంటే ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు శక్తి ఇంకా ఎక్కువ. అవి పడుతున్నంతసేపూ ప్లాస్టిక్కు కూడా కొద్దికొద్దిగా కరెంటును పోనిస్తుంది.