మంచి కోసమే పరీక్ష... మరి చట్టం?

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఒక కాలేజీ పంపిన హాల్‌టికెట్ మెయిళ్లు విద్యార్థులకు అందకుండా వెనక్కి వచ్చేశాయనుకుందాం. దానికి కారణం ‘బ్లాక్‌లిస్టు’ కావచ్చు. స్పామ్ పంపుతున్నాయని తేలిన ఐపీ అడ్రసుల జాబితా అది. మెయిల్ అందుకునే సర్వర్, పంపిన ఐపీలోని నాలుగు సంఖ్యలను వెనకనుంచి ముందుకు పేర్చి ఆ జాబితా తాలూకు డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల పట్టికలో) వెతుకుతుంది. 127.0.0.2 లాంటి జవాబొస్తే ఆ ఐపీ జాబితాలో ఉన్నట్టే.

జాబితాను చూడటంలో చిక్కు లేదు. చిక్కంతా తయారీలోనే.

కొందరు ఎర అడ్రసులు పెట్టి, స్పామ్ వచ్చి పడేదాకా కాచుకుంటారు. మరికొందరు అవతలివారి సర్వర్‌నే పరీక్షిస్తారు. మెయిళ్లు అందుకునే 25వ పోర్టుకు వెళ్లి, సంబంధంలేని ఒక అడ్రసు నుంచి సంబంధంలేని ఇంకో అడ్రసుకు మెయిల్ చేరవేయమంటారు. ఒప్పుకుంటే అది ‘ఓపెన్ రిలే’, అంటే ఎవరి స్పామ్‌నైనా మోసే సర్వర్. 1990లలో ఇలాంటివి కోకొల్లలు.

ఇలా పరీక్షలు చేసే ‘ఆర్బ్జ్’ అనే జాబితా 2002 మార్చిలో చిక్కుల్లో పడింది. అది పంపిన పరీక్ష మెయిల్‌తో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ నగరపాలక సంస్థ లోటస్ డొమినో సర్వర్ స్తంభించింది. పోలీసులు రంగంలోకి దిగారు. చివరికి నేరాభియోగం మోపలేదు గానీ, ఆర్బ్జ్ అప్పటికే మూతపడింది. జాబితాలో చేర్చినందుకూ దావాలు పడతాయి. బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ సంస్థ ఈ-360 అనే కంపెనీకి 1.17 కోట్ల డాలర్లు చెల్లించాలని 2006లో అమెరికా కోర్టు ఆదేశించింది. 2011లో అప్పీలు కోర్టు దాన్ని 3 డాలర్లకు దించింది!

మన దేశంలో సంగతేమిటి? ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడాన్నీ, దాని పనికి అంతరాయం కలిగించడాన్నీ తప్పు పడుతుంది. నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. అదే పని మోసబుద్ధితోనో, దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. అంటే ‘మంచి కోసమే చేశాను’ అన్న వాదన 66 దగ్గర అక్కరకు రావచ్చు. 43 దగ్గర మాత్రం మొదటి ప్రశ్న అనుమతి ఉందా లేదా అన్నదే. పైగా దేశ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం కీలక నెట్‌వర్కులను గురిపెట్టి తడిమి చూసినా, మెయిల్ సర్వర్లపై దాడి జరిగినా సంస్థలు 6 గంటల్లో దానికి తెలియజేయాలి.

మెయిల్‌తో సంబంధం లేకపోయినా, పరీక్షించే వస్తువుపై అనుమతి ఎంత ముఖ్యమో చెప్పే హైదరాబాద్ పరిశోధకుడు వేమూరి హరిప్రసాద్ ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఓటింగ్ యంత్రంలో లోపాలను చూపించిన ఆయనను 2010 ఆగస్టులో మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణ లోపాలు చూపారని కాదు, ఆ యంత్రం దొంగిలించినదని. తర్వాత బెయిల్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది.

నెట్‌వర్క్ భద్రత నేర్చుకుంటున్న విద్యార్థులు ముందు సొంత సర్వర్ పెట్టుకుని దాని మీదే ప్రయోగాలు చేయాలి. కాలేజీ సర్వర్‌ను పరీక్షించాలంటే ఏ ఐపీ, ఏ తేదీ, ఏ పరీక్ష అన్నవి రాసి, బాధ్యుల సంతకం తీసుకోవాలి. ఇతరుల సర్వర్‌లో లోపం కంటపడితే మరింత తవ్వకుండా, యజమానికో సెర్ట్-ఇన్‌కో తెలియజేస్తే చాలు.