డిగ్రీ తరువాత నర్సింగు: దరఖాస్తు, ఎదురుచూపు

మా తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలో ఏటా మే నెల వచ్చిందంటే ప్లస్ టూ పిల్లల గురించే మాట. ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరు ఏ కాలేజీ అని నలుగురూ అడుగుతారు. ఇప్పటికే డిగ్రీ పూర్తి చేసి, ఏడాదో రెండేండ్లో ఇంట్లో ఉండి, లేదా ఏదో కొట్టులో లెక్కలు రాస్తూ గడిపి, "నేను నర్సింగు చదవాలనుకుంటున్నాను" అని నెమ్మదిగా నోరు విప్పే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళకు దారి చెప్పేవారు తక్కువ. ఈనాటి ప్రసంగం వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి 2024లో జంతుశాస్త్రంలో బి.ఎస్సి. పాసైంది. పొదటూరుపేట దగ్గరి పల్లె. తండ్రి మరమగ్గం మీద పని చేస్తాడు. ఇద్దరూ కలసి మా ఇంటికి వచ్చారు. "సార్, నాకు డిగ్రీలో 80 శాతం వచ్చింది. నర్సింగులో నేరుగా రెండో సంవత్సరంలో చేర్చుకుంటారు కదా?" అని ఆ అమ్మాయి అడిగింది. తండ్రి ఏమీ అనలేదు. మూడేండ్లు ఫీజు కట్టిన మనిషి ముఖంలో ఉండే ప్రశ్న ఆయన ముఖంలో ఉంది.

"లేదమ్మా" అని చెప్పవలసి వచ్చింది. డిగ్రీ ఉన్నవారు తప్పకుండా నర్సింగుకు రావచ్చు. అయితే మన దేశంలో నర్సింగు తలుపుకు తాళం చెవి డిగ్రీ కాదు, ప్లస్ టూ మార్కుల లిస్టు. మీరు బి.ఎస్సి.లో ప్రథమ శ్రేణి తెచ్చుకున్నా, ఎం.ఎస్సి. చదివినా, ఎంపిక సంఘం చూసేది మీరు పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో తెచ్చుకున్న మార్కులనే. ఈ మాట ముందుగా తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది.

కొన్ని దేశాలలో పద్ధతి వేరు. అమెరికాలో వేరే డిగ్రీ చదివినవారి కోసం త్వరితగతి నర్సింగు కోర్సులు ఉన్నాయి. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1971లోనే అటువంటిది ప్రారంభించింది. పాత డిగ్రీలో చదివిన పాఠాలను లెక్కలోకి తీసుకుని, ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగు పట్టా ఇస్తారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో పట్టభద్రులకు రెండేండ్ల కోర్సులు ఉన్నాయి. విదేశాలలో ఉన్న బంధువులు ఫోనులో చెప్పే కోర్సులు ఇవే. వారు చెప్పేది అబద్ధం కాదు. కాని 1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిల్ కోర్సులలో అటువంటిది లేదు.

ఇక్కడే మరో పొరపాటు జరుగుతుంది. "పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. నర్సింగు, రెండేండ్లు" అనే ప్రకటన చూసి, ఇది డిగ్రీ చదివినవారికి అనుకుంటారు. కాదు. అది ఇంతకు ముందే నర్సింగు డిప్లొమా చదివి, నర్సుగా రిజిస్టరైనవారికి మాత్రమే. జంతుశాస్త్రం బి.ఎస్సి.తో అందులో చేరడానికి వీలు లేదు. ఎవరైనా చేరుస్తామంటే ఆ మాట నమ్మకండి.

మరి మీకు ఉన్న దారులు ఏవి? రెండు ఉన్నాయి.

మొదటిది నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగు. ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కలిపి కనీసం 45 శాతం ఉండాలి, ఇంగ్లీషు పాసై ఉండాలి. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు 40 శాతం. అమెరికాలో నర్సింగు డిగ్రీలు వచ్చినా మనకు రావడానికి కాలం పట్టింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ గారి ఆసుపత్రిలో 1909లో మొదలైంది. నర్సింగులో బి.ఎస్సి. పట్టా మాత్రం 1946లో వచ్చింది. ఢిల్లీలోను, మన పక్కనున్న వెల్లూరులోను ఒకే సంవత్సరం ప్రారంభించారు.

రెండవది జి.ఎన్.ఎం. అనే మూడేండ్ల డిప్లొమా. ప్లస్ టూలో సైన్సు గ్రూపు లేనివారికి కూడా కౌన్సిల్ నిబంధనలు దీనిలో అవకాశం ఇస్తాయి. అయితే సైన్సు వారికి ప్రాధాన్యం. డిప్లొమా తరువాత నేను ఇందాక చెప్పిన పోస్ట్ బేసిక్ చదివి డిగ్రీ నర్సు కావచ్చు. ప్లస్ టూలో కామర్సు తీసుకుని తరువాత బి.కాం. చదివినవారు ముందుగా ఈ దారిని చూడాలి.

ఏ దారికైనా వయసు హద్దు ఉంటుంది. డిగ్రీ తరువాత వచ్చేవారికి ఇది ముఖ్యం. ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో మొట్టమొదట చూడవలసిన పంక్తి ఇదే.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. తమిళనాడులో బి.ఎస్సి. నర్సింగు ప్రభుత్వ సీట్లకు, ప్రైవేటు కాలేజీలు ప్రభుత్వానికి అప్పగించే సీట్లకు చెన్నై కీల్పాక్కంలోని వైద్య విద్యా శాఖ ఎంపిక సంఘం ద్వారా దరఖాస్తు చేయాలి. ప్రవేశ పరీక్ష లేదు. వృత్తి విద్యకు ప్రవేశ పరీక్షలు వద్దని రాష్ట్రం 2006లో చట్టం చేసింది. వైద్య కోర్సులకు తరువాత నీట్ వచ్చింది గాని, ఈ నర్సింగు సీట్లకు మార్కులే ఆధారం.

డిగ్రీ చదివినవారు ప్లస్ టూ లిస్టు తీసి చూసుకోండి. 2018 మార్చి వరకు పరీక్ష 1200 మార్కులకు, ఒక్కొక్క సబ్జెక్టు 200కు. 2019 నుంచి 600 మార్కులకు, సబ్జెక్టు 100కు. పాత లిస్టుల మార్కులను ఒకే కొలతకు తెచ్చి రాంకు ఇస్తారు. 2021లో కరోనా వల్ల పరీక్షే జరగలేదు. పదో తరగతి మార్కులకు 50 శాతం, పదకొండుకు 20, పన్నెండుకు 30 చొప్పున లెక్కవేసి ఇచ్చారు. నా విద్యార్థిని ఆ ఏటి పిల్ల. "డిగ్రీలో నేను కష్టపడి తెచ్చుకున్న మార్కు లెక్కకు రాదు, రాయని పరీక్ష మార్కు లెక్కకు వస్తుందా సార్?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. నిబంధన అది.

కాగితాల విషయంలో మన సరిహద్దు తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆనాడు సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రంలో చేరింది. తాతగారి దస్తావేజులలో చిత్తూరు జిల్లా అని ఉందని భయపడనక్కరలేదు. మాతృభాష తెలుగు అయినంత మాత్రాన మీరు పరాయి రాష్ట్రంవారు కారు.

కాని నగరిలోనో పుత్తూరులోనో చదివి, కమ్యూనిటీ సర్టిఫికెట్ ఆంధ్రలో తీసుకున్నవారి పరిస్థితి వేరు. ఒక రాష్ట్రపు సర్టిఫికెట్ మరో రాష్ట్రపు రిజర్వేషన్‌కు పనికిరాదు. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి, ఆంధ్రలో తన కులం ఎస్.టి. కాబట్టి బొంబాయిలో వైద్య సీటుకు అదే హక్కు ఉండాలని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1990లో కోర్టు ఒప్పుకోలేదు. ఆ హక్కు రాష్ట్రం దాటి వెంట రాదని తీర్పు చెప్పింది. కాబట్టి తమిళనాడు స్థానికులైతే ఇక్కడి సర్టిఫికెట్, చదువు కొంత బయట సాగి ఉంటే దానితోబాటు తహసీల్దారు ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్ ముందే సంపాదించాలి. ఎస్.టి.వారికి కమ్యూనిటీ సర్టిఫికెట్ ఇచ్చేది రెవెన్యూ డివిజనల్ అధికారి. విచారణకు నెలలు పట్టవచ్చు. దరఖాస్తు ప్రకటన వచ్చాక తాలూకా ఆఫీసుకు పరుగెత్తితే ఆలస్యమైపోతుంది. ఆంధ్ర ఇంటర్మీడియట్ చదివినవారు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయపు అర్హత పత్రం సంగతి కూడా కనుక్కోవాలి.

దరఖాస్తు వెళ్ళింది. ఇక ఎదురుచూపు. ఇది వారాలు కాదు, నెలలు. అందుకే దీని లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది.

ముందు రాంకు జాబితా వస్తుంది. అందులో మీకు రెండు అంకెలు ఉంటాయి: మొత్తం అందరిలో మీ స్థానం, మీ వర్గంలో మీ స్థానం. తమిళనాడు రిజర్వేషన్ 69 శాతం, 1994 నాటి చట్టం ప్రకారం. వెనుకబడిన తరగతులకు 30, అందులో ముస్లింలకు మూడున్నర. అత్యంత వెనుకబడినవారికి 20. ఎస్.సి.లకు 18, అందులో అరుంధతియర్లకు 3. ఎస్.టి.లకు 1. మిగిలిన 31 అందరికీ. ఆ 31లోకి ఏ వర్గం వారైనా మార్కుల మీద వెళ్ళవచ్చు. మీ వర్గంలో పైనున్నవారు ఆ సీట్లలోకి వెళితే, వర్గం సీట్లు మీ వరకు దిగి వస్తాయి.

రెండో సంగతి. మీకన్నా ముందున్నవారందరూ నర్సింగు కోసమే లేరు. అదే పిల్లలు వైద్యానికి, పశువైద్యానికి, వ్యవసాయానికి, ఫార్మసీకి దరఖాస్తు పెట్టి ఉంటారు. అక్కడ సీటు రాగానే ఇక్కడ వదిలేస్తారు. ఉదాహరణకు మీ వర్గంలో 30 సీట్లు ఉండి మీ స్థానం 42 అనుకోండి. మొదటి విడతలో రాదు. ముందున్నవారిలో పన్నెండు మంది తప్పుకుంటే రెండో విడతలో వస్తుంది. అందుకే మొదటి జాబితాలో పేరు లేదని ఆ రాత్రే ఆశ వదులుకోకూడదు. కాలేజీల ఎంపికలో చెన్నై ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. మదురై, సేలం దూరమైనా నిజంగా వెళ్ళగలిగితే వ్రాయండి, వెళ్ళలేకపోతే వ్రాయకండి.

తిరువళ్ళూరులో వైద్య కళాశాల ఉంది కదా అంటారు. 2022 జనవరి 12న ప్రధానమంత్రి ప్రారంభించిన 11 కళాశాలల్లో అది ఒకటి, నిజమే. వైద్య కళాశాల ఉన్నంత మాత్రాన అక్కడ నర్సింగు సీట్లు ఉన్నాయని అనుకోకూడదు. 2023 కేంద్ర బడ్జెట్‌లో కొత్త వైద్య కళాశాలల పక్కన 157 నర్సింగు కళాశాలలు పెడతామని ప్రకటించారు. కాబట్టి ప్రతి సంవత్సరం సీట్ల పట్టికను కొత్తగా చూడాలి.

ఈ ఎదురుచూపు కాలంలోనే అసలు ప్రమాదం ఉంది. నా విద్యార్థినికి జరిగింది చెబుతాను. రాంకు జాబితా వచ్చింది, సీటు ఇంకా రాలేదు. బంధువులు "ఇంకెన్నాళ్ళు?" అన్నారు. ఒక ఏజెంటు ఇంటికి వచ్చి, ప్రైవేటు కాలేజీలో సీటు ఉంది, రేపటితో అయిపోతుంది అన్నాడు. తండ్రి అప్పు చేసి అడ్వాన్సు కట్టాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ అక్కడ ఇచ్చేశారు. నాకు చెప్పలేదు. మూడు వారాల తరువాత రెండో విడతలో ఆమెకు ప్రభుత్వ కోటా సీటు వచ్చింది. ఒరిజినల్స్‌తో ఐదు రోజుల్లో చేరాలి. ఆ కాలేజీవారు పూర్తి సంవత్సరం ఫీజు కడితేనే కాగితాలు అన్నారు. నేనూ వెళ్ళాను. బ్రతిమాలాము, వాదించాము. ఆరో రోజున కాగితాలు చేతికి వచ్చాయి. సీటు పోయింది.

తిరిగి వస్తూ బస్సులో ఆ తండ్రి, "నేను తొందరపడ్డానయ్యా" అన్నాడు. ఆయన తప్పు ఎంత? ఎదురుచూడటం ఎలాగో ఎవరూ ఆయనకు చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్స్ మీతోనే తెచ్చుకోండి. విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్స్ పట్టి ఉంచుకోరాదని 2018లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఆదేశించింది. ఆ మాట ధైర్యంగా చెప్పండి. డబ్బు కడితే రసీదు అడగండి. ఆ కాలేజీకి తమిళనాడు నర్సుల, మంత్రసానుల కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయా అని చూడండి. గుర్తింపు లేని చోట నాలుగేండ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు కాలేరు. సీటు చేతికి వచ్చేవరకు ఉన్న పని మానకండి. దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు మార్చకండి. వారానికి రెండుసార్లు ఎంపిక సంఘం ప్రకటనలు స్వయంగా చూసుకోండి, ఎవరో చెబుతారని కూర్చోకండి.

ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టింది. బి.ఎస్సి. రాలేదు. డిప్లొమాలో సీటు వచ్చింది, చేరింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, శరీర నిర్మాణ పాఠం తనకు సులభంగా ఉందనీ, పక్క మంచం పిల్లలు తన దగ్గరే చెప్పించుకుంటున్నారనీ చెప్పింది. జంతుశాస్త్రం డిగ్రీ రాంకు జాబితాలో లెక్కకు రాలేదు గాని తరగతి గదిలో లెక్కకు వచ్చింది. తండ్రి ఇంకా ఆ అప్పు తీరుస్తున్నాడు.

మీ ఇంట్లో ఈ సంవత్సరం ఎవరైనా ఎదురుచూస్తూ ఉంటే, వారిని "ఇంకెన్నాళ్ళు?" అని అడగకండి. "కాగితాలు మన బీరువాలోనే ఉన్నాయి కదా?" అని అడగండి.