సీటు వచ్చింది సరే, దారి చెప్పేదెవరు?

యూనివర్సిటీ గేటు దాకా రావడానికి దళితులు చేసిన పోరాటం గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. గేటు దాటినాక మొదటి నాలుగైదు నెలల్లో మన పిల్లలకు ఏమైతదో మాత్రం తక్కువ చర్చించాం. రిజర్వేషన్ సీటు ఇస్తుంది. ఆ సీటులో నిలబడటానికి కావలసిన వంద చిన్న విషయాలు అది చెప్పదు. ఏ సబ్జెక్టు తీసుకోవాలె, ఏ సారును కలవాలె, ఏ ఫెలోషిప్‌కు ఎప్పుడు అప్లికేషన్ పెట్టాలె అనేవి చదువుకున్న అగ్రవర్ణ కుటుంబాల్లో అన్నం తినేటప్పుడే మాటల్లో దొర్లుతాయి. అట్ల అందిన సమాచారమే తర్వాత ‘ప్రతిభ’ పేరుతో చెలామణి అవుతుంది. మొదటితరం విద్యార్థికి ఇంట్లో దొరకని ఈ సమాచారాన్ని ముందు నడిచిన విద్యార్థే అందించాలని, అది దయ కాదనీ, రిజర్వేషన్ మిగిల్చిన పనిని పూర్తి చేయడమనీ మా వాదన.

కాశిబుగ్గ నుంచి చూస్తే

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరి ప్రాంతం కాశిబుగ్గ. మిర్చి, పత్తి సీజన్లో బస్తాలు మోసే హమాలీలు, కూలీలు ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఉంటారు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఒకప్పుడు ఈ నగరంలో పెద్ద చదువు లేనోళ్లకు కూడా నెల జీతం చూపించింది. మిల్లు మూతపడ్డాక ఆ దారి పోయింది, చదువే మిగిలింది. 1976లో ఏర్పడిన కాకతీయ యూనివర్సిటీ హన్మకొండ వైపు విద్యారణ్యపురిలో ఉంది. బస్సులో లెక్కపెడితే అది దూరమేం కాదు. కానీ బస్తాలు మోసే తండ్రిని పిల్ల ‘క్రెడిట్లంటే ఏంది? బ్యాక్‌లాగ్ అంటే ఏంది?’ అని అడిగితే ఆయన ఏం చెప్తడు?

పైగా తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో 2016-17 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. సంవత్సరానికి ఒక్క పరీక్ష ఉన్నప్పుడు కొత్త విద్యార్థి తేరుకోవడానికి కొంత టైముండేది. ఇప్పుడు ఇంగ్లీషు పాఠం చెవికి అలవాటు కాకముందే ఇంటర్నల్ పరీక్ష వచ్చి కూసుంటది. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవాళ ఈ-పాస్ వెబ్‌సైటు మీద నడుస్తున్నది. పదో తరగతి మెమోలో పేరు ఒక తీరు, మీసేవలో తీసిన కులం సర్టిఫికెట్‌లో ఇంకో తీరు, బ్యాంకు ఖాతాలో మరో తీరు ఉంటే డబ్బులు ఆగుతాయి. పార్ట్‌టైం పనికి పోయి హాజరు 75 శాతానికి తగ్గినా అంతే. ఇవి తెలివితేటలకు సంబంధించినవి కావు. ఎవరో ఒకరు ముందుగా చెప్తే తీరిపోయే ఇబ్బందులు. చెప్పేటోళ్లు లేక ఇవే చదువు మానడానికి కారణాలైతాయి.

ఒంటరి చదువు, కూడి చదువు

ఈ విషయంలో అమెరికా నల్లజాతి విద్యార్థుల అనుభవం మనకు పనికొస్తుంది. 1970ల చివర కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రీస్‌మన్ అనే గణిత పరిశోధకుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు ఎక్కువగా ఫెయిలవుతున్నారు? అధ్యాపకులు చెప్పే జవాబులు మనకూ తెలిసినవే: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు. ఆయన 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా సంతతి విద్యార్థులను దగ్గరుండి గమనించాడు. ఈ జవాబులేవీ నిలవలేదు. తేడా వేరే చోట కనిపించింది. చైనా సంతతి పిల్లలు గుంపుగా కూచుని లెక్కలు చేసేవాళ్లు. ఒకరి తప్పు ఒకరు దిద్దుకునేవాళ్లు, పరీక్ష ఎట్ల వస్తదో చెప్పుకునేవాళ్లు. నల్లజాతి పిల్లలు కష్టపడి, కానీ ఒంటరిగా చదివేవాళ్లు. ఎవరి మీదా ఆధారపడకుండా చదివే బడిలో గెలిచారు కాబట్టి ఇక్కడా అదే చేశారు.

అప్పుడాయన వెనకబడ్డవాళ్లకు ప్రత్యేక క్లాసులు పెట్టలేదు. కలిసి కూచుని మామూలు కంటే కష్టమైన లెక్కలు చేసే వర్క్‌షాపులు పెట్టాడు. వాటిలో చేరినవాళ్ల ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. మనం పట్టుకోవాల్సింది ఇదే. ‘రెమిడియల్’ అనే మాటలోనే నీలో లోపముందనే ముద్ర ఉంది. కూడి చదవడంలో ఆ ముద్ర లేదు.

సీనియర్ అంటే ఎవరు?

మన క్యాంపస్‌లలో సీనియర్ అనగానే ర్యాగింగ్ గుర్తుకొస్తది. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు చేసింది. ఈ చట్టాలు చెడ్డ సంబంధాన్ని ఆపుతాయి గానీ మంచి సంబంధాన్ని పుట్టించలేవు. కొత్త విద్యార్థులను పరిచయ కార్యక్రమాలతో, మెంటార్లతో చేరదీయాలని 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ మార్గదర్శకాల్లో చెప్పింది. కానీ ఉపన్యాసంతో, పూలదండలతో ముగిసే కార్యక్రమం వల్ల కొత్త విద్యార్థికి ఒరిగేదేం లేదు.

మన దగ్గర ఈ పనిని ముందు భుజానికెత్తుకున్నవి దళిత విద్యార్థి సంఘాలే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో ఏర్పడిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటివి ఊళ్లనుంచి వచ్చిన పిల్లలకు ఒక అండ అయినయి. మహారాష్ట్రలోని వార్ధాలో 2013 నుంచి నలందా అకాడమీ మొదటితరం విద్యార్థులను మంచి యూనివర్సిటీలకు తయారు చేస్తున్నది.

ఎట్ల చేయాలె?

కాశిబుగ్గ లాంటి బస్తీలో దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక కమ్యూనిటీ హాలో, బడి వరండానో, ఆదివారం రెండు గంటల సమయమో చాలు. మేము సూచించే పద్ధతి ఇది.

ఒకటి: ఒక సీనియర్‌కు నలుగురైదుగురు జూనియర్లకు మించి ఉండొద్దు. వీలైతే అదే కోర్సు చదివినోళ్లు కావాలె.

రెండు: పని ప్రవేశాల రోజుల్లోనే మొదలుకావాలె. మొదటి ఆరు వారాల్లో సర్టిఫికెట్లలో పేర్లు సరిచూసుకోవడం, స్కాలర్‌షిప్, హాస్టల్, లైబ్రరీ కార్డు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ చూసుకోవాలె. ఆ తర్వాత కూడి చదవడం.

మూడు: ఆడపిల్లలకు అక్కలే తోడుండాలె. కలిసే టైము చీకటి పడకముందు పెట్టాలె. తల్లితో కూడా ఒకసారి మాట్లాడితే సగం అడ్డంకులు అక్కడే తొలగుతాయి.

నాలుగు: సీనియర్ జూనియర్ డబ్బులు ముట్టొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దు. తన సంఘంలో చేరమని షరతు పెట్టొద్దు.

ఐదు: మనసు కుంగిన విద్యార్థిని ఓదార్చడం తోనే ఆపొద్దు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయించాలె, డాక్టరు దగ్గరికి తోడుపోవాలె.

మనలో మనకు కూడా ఒక మాట ఉంది. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి తెరిచింది, 2025లో తెలంగాణ అమలు మొదలుపెట్టింది. సీట్లు పంచుకున్నట్లే సమాచారాన్నీ పంచుకోవాలె. రెండో తరం చదువుకున్న మాల, మాదిగ కుటుంబాల పిల్లలు డక్కలి, చిందు, మాష్టి, బైండ్ల పిల్లలను ముందుగా వెతుక్కుంటూ పోవాలె. లేకపోతే మనం తిట్టే అగ్రవర్ణ పద్ధతినే మన వాడల్లో నడిపినట్లవుతుంది.

తోడు బాధ్యతకు బదులు కాదు

ఈ పనికి ఒక హద్దు ఉంది. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ మరణించాడు. చేరినాక కూడా ఆయనకు పర్యవేక్షకుడిని కేటాయించలేదు. 2016 జనవరి 17న మరణించిన రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని రాసిపోయాడు. పర్యవేక్షకుడిని కేటాయించడం, ఫెలోషిప్ చెల్లించడం ఏ సీనియరూ చేయగలిగిన పనులు కావు. అవి సంస్థ బాధ్యతలు. విద్యాసంస్థల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధనలు చెప్పినయి. మన కాలేజీలో ఆ అధికారి ఎవరు, గది ఎక్కడ అని అడిగి తెలుసుకోవడం కూడా మొదటి ఆరు వారాల పనుల్లో ఉండాలె.

అందుకే ప్రతి సీనియర్ దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలంటున్నాం. ఎవరి స్కాలర్‌షిప్ ఎన్ని నెలల నుంచి రావట్లేదు, ఏ విభాగంలో ఎవరికి గైడు దొరకలేదు, ఏ హాస్టల్లో ఏం జరిగింది అనేవి తేదీలతో రాసుకోవాలె. ఒక్క విద్యార్థి నోటితో చెప్తే అది సొంత గోడు కింద పోతది. నలభై మందివి కలిపి రాసి ప్రిన్సిపాల్ ముందు, రిజిస్ట్రార్ ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు. యాక్టివిస్టులు, ఉపాధ్యాయులు, పీజీ విద్యార్థులు ఎవరి బస్తీలో వాళ్లు వచ్చే ప్రవేశాల నాటికి ఐదుగురు సీనియర్లను పోగు చేయగలిగితే పని మొదలైనట్టే.